ఉప్పునీళ్లలో ఒక పుస్తె

అరవై మూడేళ్ల వయసులో, ఒక యంత్రాన్ని పరీక్షించే పని మీద వెళ్లి, నేను మొదటిసారి సముద్రం చూశాను. హైదరాబాదు పాతబస్తీలో మా జహనుమా గల్లీలో సముద్రం చూసినవాళ్లు తక్కువ. తిరిగొచ్చాక అందరూ అడిగింది ఒకటే, ఎట్లుంటదని. సరిగా చెప్పలేకపోయాను. నాకు గుర్తుండిపోయింది నీళ్లకంటే ఒడ్డున ఉన్న మనుషులు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. ఆ పాలెం పేరు మాత్రం రాయను. బాపట్ల నుంచి ఆటోలో పోయేంత దూరంలో ఉందనుకోండి, చాలు.

ఫలక్‌నుమా

ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు టెస్టింగ్ విభాగంలో పనిచేశాను. గుమ్మాలకు బిగించే మెటల్ డిటెక్టర్లు, చేత్తో తిప్పేవి, నేలమీద తిప్పేవి ఎన్నో నా బల్ల మీదుగా బయటికి వెళ్లాయి. ఆ సంగతి తెలిసే మల్లేశ్ నా దగ్గరికి వచ్చాడు. కార్వాన్‌లో బర్రెలున్న మనిషి. వాళ్ల నాన్న మా క్యాంటీన్‌కు పాలు పోసేవాడు. ఆ వరసన నన్ను కాకా అంటాడు.

కొత్త డిటెక్టర్ ఉన్న పొడుగాటి అట్టపెట్టె నా ముందు పెట్టి, "దేవదానం కాకా, ఇది ఉప్పునీళ్లల్ల పనిచేస్తదా?" అని అడిగాడు.

ఎందుకో నాకు తెలుసు. కార్తీకంలో వాళ్లు వ్యాన్ మాట్లాడుకుని సముద్రస్నానానికి వెళ్లారు. మోకాలి లోతులో నిలబడ్డ అతని భార్య సరితను ఒక అల లోపలికి లాగేసింది. ఆఖరి క్షణంలో పక్కనున్న కూతురిని ఒడ్డువైపు నెట్టిందట, పిల్ల బతికింది. మల్లేశ్ అప్పుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. మూడోనాడు పొద్దున్నే, కొంత దూరం అవతల, పోలయ్య అనే చేపలు పట్టే మనిషి శవాన్ని ఒడ్డుకు తెచ్చాడు. చెవుల కమ్మలున్నాయి, కాళ్ల మెట్టెలున్నాయి. మెడలో పుస్తెలతాడు మాత్రం లేదు.

"కమ్మలు ఊడలే, తాడెట్ల ఊడ్తది?" అంది సరిత తల్లి సత్తెమ్మ. ఆ ఒక్క మాట మీద పోలయ్య పేరు రాసి పోలీసులకు కాగితం ఇచ్చారు. కాగితం మీద సంతకం మల్లేశ్‌ది.

"మూడు నెలలాయె. ఇప్పుడెందుకురా మిషన్?" అన్నాను.

"నిద్ర పడ్తలేదు కాకా. ఇసుకల దొరికిందనుకో, ఆయనను ఇడిపిస్త. దొరకలేదనుకో, దొంగ ఆయనే. ఏదో ఒకటి తేలాలె గద."

నన్ను భయపెట్టింది ఆ రెండో మాట. డిటెక్టర్ మోగకపోతే అక్కడ లోహం లేదని అందరూ అనుకుంటారు. ఉన్నా దానికి వినబడకపోయి ఉండొచ్చు. ఈ తేడా చెప్పడానికే నాకు అన్నేళ్లు జీతమిచ్చారు. ఆ తేడా మీద ఇప్పుడు ఎక్కడో ఒక మనిషి బతుకు ఆనుకుని ఉంది.

పెట్టె మీద నీళ్లలో ముంచినా పాడవదని రాసి ఉంది. నీళ్లు లోపలికి పోకపోవడం వేరు, ఉప్పునీళ్లలో వినబడటం వేరు. ఉప్పునీళ్లు కూడా కొంచెం లోహంలాగే యంత్రానికి జవాబిస్తాయి. పలుచటి బంగారం ఇచ్చే జవాబు, ఉప్పునీళ్లు ఇచ్చే జవాబు దాదాపు ఒకటే. నీళ్ల అరుపును అణిచేస్తే బంగారం గొంతు కూడా అణిగిపోతుంది.

మాట చాలదు గనక ఫలక్‌నుమా స్టేషన్ వెనక జబ్బార్ భాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. కూలర్ మోటార్లు చుట్టే చోటు అది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఇసుక నింపి, లీటరుకు మూడు తులాల లెక్కన దొడ్డుప్పు కలిపాం. బంగారం బదులు చాక్లెట్ వెండికాగితాన్ని మడిచి చిన్న బిళ్ల చేసి పూడ్చాను. పరీక్షల్లో పలుచటి బంగారానికి అది దగ్గరగా జవాబిస్తుంది. నాలుగు వేళ్ల లోతు నుంచి యంత్రం టింగుమంది. మల్లేశ్ మొహంలో మూడు నెలల తరవాత వెలుతురు చూశాను.

జబ్బార్ భాయ్ మాత్రం తల అడ్డంగా తిప్పాడు. "ఖుష్ గాకు మల్లేశూ. టబ్బుల పానీ చుప్ గూసున్నది. సమందర్ ఏడ గూసుంటది?"

"అందుకే అక్కడికి పోయి చూడాలె," అన్నాను. వెళ్తానని నోరు జారింది అప్పుడే.

కార్వాన్

బయలుదేరే రోజు మల్లేశ్ ఇంటికి వెళ్లాను. కొట్టంలో తొమ్మిది బర్రెలు. పాలు పిండటం, కుడితి పెట్టడం సరిత చూసుకునేదట. ఇప్పుడు సత్తెమ్మే చూసుకుంటోంది. చిక్కటి పాల చాయ్ నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

"మొగడుండంగ పోయింది నా బిడ్డ. మెడల పుస్తెలతోటి, మొఖాన బొట్టుతోటి పోవాలె. బోసి మెడతోటి పంపిన. నాకు బంగారం వద్దు సారూ. తీసినోని మొఖం జూడాలె."

మా ఇంట్లో తాళికి సిలువ బిళ్ల ఉంటుంది. మాలో ఆ పట్టింపు ఇంతగా లేదు. కానీ ఆమె చెబుతుంటే నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

మల్లేశ్ నన్ను పక్కకు పిలిచి ఆ వీడియో చూపించాడు. సరిత నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. తాడు పైటకు బయటికి వచ్చి ఎండకు మెరుస్తోంది. తరవాత ఫోను పక్కకు ఒరిగి ఇసుక, ఆకాశం, ఎవరిదో కేక. నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారిలో టెస్టరుగా గమనించింది ఇంతే: కమ్మలు చెవికి మరతో బిగించి ఉంటాయి, తాడు వదులుగా వేలాడుతుంది. అలకు రెండూ ఒకటి కావు. ఆ మాట అప్పుడు అనలేకపోయాను.

బాపట్ల

రైలు దిగాక స్టేషన్ బయట ఒకామె బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. మా వైపు పొద్దున ఖిచిడీ, పుల్లటి చింతపండు ఖట్టా తిని బతికినవాణ్ని. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దానిమీద నెయ్యి పోశారు. పాతిక రూపాయలకు నాలుగు. మంట నెత్తికెక్కి నేను దగ్గుతుంటే ఆమె నీళ్ల చెంబు అందించి అడిగింది.

"హైదరాబాదోళ్లా?"

"అవునమ్మా."

"సముద్రానికేనా? జాగర్తండీ. మీవాళ్లకి అలవాటుండదు, లోపలికంటా పోతారు. ఏటా ఇక్కడ మీవాళ్ల ఏడుపులే ఇంటాం."

మల్లేశ్ ప్లేటు కింద పెట్టేశాడు. రెండు ఇడ్లీలు అలాగే ఉన్నాయి. ఆమెకు ఏమీ తెలియదు. ఇంకో రెండు వేయమంటారా అని అడిగింది.

అక్కడ టీ మన ఇరానీ చాయ్‌లో సగం గ్లాసు. రెండు గుక్కలకు అయిపోయేది. మల్లేశ్ ఆ మూడు రోజులూ దాంతోనే బతికాడు.

పాలెం, మొదటి రోజు

సరుగుడు తోట దాటగానే సముద్రం కనబడింది. నన్ను ముందుగా తాకింది చప్పుడు. ఎవరో ఆపకుండా లారీలోంచి కంకర దింపుతున్నట్లుంది. చెప్పులు విప్పకుండానే తడి ఇసుకలో నిలబడ్డాను. అల వచ్చి చీలమండల దాకా తడిపి వెనక్కి పోతూ నా మడమల కింద ఇసుకను తోడేసింది. గుంటలో దిగబడినట్లు వెనక్కి కూలబడ్డాను. లేచేసరికి ఎడమకాలి చెప్పు లేదు. కళ్లముందు ఇంత దూరంలో తేలి, మునిగి, పోయింది. మల్లేశ్ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. చీలమండల లోతుకే ఇలాగైతే మోకాలి లోతులో సరిత ఎంతసేపు నిలబడగలిగి ఉంటుంది?

పోలయ్య ఇల్లు వరసలో చివరిది. అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి, భుజాలు పెద్దవి, చేతుల్లో పనేమీ లేదు. మల్లేశ్‌ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయాడు. అతని భార్య నాంచారమ్మ బయటికొచ్చింది.

"మళ్లీ ఏం రాయించుకోడానికొచ్చావయ్యా?" అని అడిగింది.

నేను ముందుకు వచ్చి యంత్రం చూపించి, వచ్చిన పని చెప్పాను. ఆమె పూర్తిగా విన్నది. తరవాత వాళ్ల సంగతి చెప్పింది. కాగితం అందాక పోలయ్యను స్టేషన్‌కు పిలిచి రెండు రోజులు కూర్చోబెట్టారు. ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు. అంతకంటే పెద్దది పాలెం పెద్దలు వేసిన దురాయి. దురాయి అంటే కట్టడి. మచ్చ తేలేదాకా పోలయ్య పడవెక్కకూడదు, ఎవరి వలా పట్టకూడదు, అతనితో ఎవరూ వేటకు పోకూడదు.

"శవం మీద సొమ్ము తీసినోడు పడవలో ఉంటే గంగమ్మ ఊరుకోదంట," అంది. "పదైదేళ్ల నించి మీవోళ్ల శవాలు లాక్కొస్తున్నాడయ్యా ఈయన. ఏ ఒక్కరి చేతికుంగరం పోయిందని ఎవరూ అన్లేదు. మీరన్నారు."

మల్లేశ్ తల దించుకుని ఉన్నాడు. మా పాతబస్తీలో లొల్లి ఎంత పెద్దదైనా చివరికి ఎవరో ఒకరు చాయ్ తెప్పిస్తారు. ఇక్కడ ఎవరూ మమ్మల్ని కూర్చోమనలేదు. కూర్చోమనడానికి మేమేం చేశామని?

శవాన్ని ఒడ్డుకు చేర్చిన చోటు ఆమే చూపించింది. పొద్దుగూకేదాకా పరీక్షించాను. పొడి ఇసుకలో యంత్రం బంగారు కొండ. రూపాయి బిళ్లను జానెడు లోతులో పెట్టినా స్పష్టంగా చెప్పింది. తడి ఇసుక మీదికి రాగానే కుక్కపిల్ల తోక తొక్కినట్లు ఒకటే కీచు. శక్తి తగ్గిస్తూ పోతే కీచు ఆగింది. కానీ అప్పుడు రూపాయి మూడు వేళ్ల లోతుకే వినబడింది. వెండికాగితం బిళ్ల ఇసుక మీద ఉంటే మోగింది, ఒక వేలు కింద పెడితే లేదు. పారే నీళ్లలో పెడితే మరీ ఘోరం. అల వచ్చినప్పుడల్లా బంగారం దొరికినట్లు అరిచేది.

ఆ ప్రతి అరుపుకూ మల్లేశ్ మోకాళ్ల మీద పడి తవ్వాడు. సోడా మూతలు, తుప్పు పట్టిన గాలం, వలకు కట్టే సీసం గుళ్లు. ఒకసారి వెండి మెట్టె దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సరితది కాదు కాకా. ఆమెవి ఆమె కాళ్లకే ఉండె," అన్నాడు. "ఇంకెవరిదో."

తీసిన గుంటలోనే దాన్ని మళ్లీ పెట్టి ఇసుక కప్పాడు.

"ఇంక చాలురా," అన్నాను. "ఈ మిషన్ ఇక్కడ ఏం చెప్పలేదు. ఉన్నా చెప్పలేదు, లేకున్నా చెప్పలేదు. దీన్ని నమ్మి ఎవరినీ దొంగ అనొద్దు."

"కాగితం కాబట్కె వినలేదు. చాక్లెట్ కాగితం బంగారమెట్లయితది? అసలుది పెట్టి చూస్తెనే గద తెల్సేది." అతని గొంతులో మొండితనం కంటే భయం ఎక్కువ ఉంది. యంత్రం పనికిరాదని ఒప్పుకుంటే అతనికి మిగిలేది తన సంతకమే.

నాంచారమ్మ అంతా వింటూ కొంచెం దూరంలో ఇసుకలో కూర్చుని ఉంది.

రెండో రోజు

పొద్దున మేం వెళ్లేసరికి ఆమె ఒడ్డున నిలబడి ఉంది. చెయ్యి చాపింది. అరచేతిలో ఒక పుస్తె. గుండ్రంగా, డొప్పలాగా, అరిగి నునుపెక్కిన బంగారు బిళ్ల.

"రాత్రంతా ఆలోచించాను. అసలుది కావాలన్నాడుగా ఆ అబ్బాయి. ఇది పెట్టి చూడండి."

"వద్దమ్మా," అన్నాను. "మెడలోది తియ్యొద్దు."

"రెండుంటయ్యి కదయ్యా. ఒకటి అత్తోరింటిది, ఒకటి పుట్టింటిది. ఆయనది నా మెళ్లోనే ఉంది, అది తియ్యను. ఇది మా నాయన పెట్టింది. నాయన పోయాడు, ఇది నాది. నా ఇష్టం." గొంతు తగ్గించింది. "మా ఆయన అన్నం తినట్లేదు. ఆ మిషను ఏదో ఒకటి తేల్చాలి."

నేను ఇంకోసారి వద్దనాల్సింది. అనలేదు. పరీక్షకు అసలు నమూనా దొరికిందన్న పాత బుద్ధి నాలో ఎక్కడో కదిలింది. అది నా తప్పు, దాచుకోను.

పుస్తె కొక్కేనికి వలదారం కట్టాను, మూడు ముళ్లు వేశాను. దారం రెండో కొస మల్లేశ్ ముంజేతికి చుట్టాను. పొడి ఇసుకలో బెత్తెడు లోతుకు మోగింది. తడి ఇసుకలో రెండు వేళ్లకు మోగి, మూడో వేలికి ఆగిపోయింది. వెండికాగితం చెప్పిందానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

"చూసినవా?" అన్నాను.

"నీళ్లల్ల కూడ చూద్దాం కాకా. ఒక్కసారి."

అల తాకే అంచున రెండు వేళ్ల లోతు గుంట తీసి మల్లేశ్ తన చేత్తోనే పుస్తెను పెట్టాడు. యంత్రం తిప్పడానికి నేను వంగేలోపు ఒక అల వచ్చింది. పెద్దదేమీ కాదు. మా మోకాళ్లు తడిపి వెనక్కి పోయింది. పోతూ మా కాళ్ల కింద ఇసుకను పొరలు పొరలుగా గీకి తీసుకుపోయింది. మల్లేశ్ దారం లాగాడు. తేలిగ్గా వచ్చేసింది. మూడు ముళ్లూ అలాగే ఉన్నాయి. ముళ్ల మధ్య సగం తెగిన కొక్కెం ముక్క, గోరంత.

ఏళ్ల తరబడి తాడు మీద ఒరిసి ఒరిసి కొక్కెం లోపల అరిగిపోయింది. ముప్పై నాలుగేళ్లు ప్రతి వస్తువునూ భూతద్దం కింద పెట్టి చూసినవాణ్ని, ఆ ఒక్కటి చూడలేదు.

మల్లేశ్ నీళ్లలో పడి రెండు చేతులా ఇసుక తోడటం మొదలుపెట్టాడు. నేను యంత్రం తిప్పాను. అల వచ్చినప్పుడల్లా అది అరిచింది, పోయినప్పుడల్లా ఊరుకుంది. నాంచారమ్మ కొంగు బిగించి దిగింది. కాసేపటికి పాలెం నుంచి ఆడవాళ్లు ఒకరొకరుగా వచ్చారు. మూడు నెలలుగా ఆమె గడప తొక్కనివాళ్లట. రొయ్యపొట్టు పట్టే జల్లెడలు తెచ్చి తడి ఇసుక జల్లించారు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పోటు ఎక్కేదాకా వెతికాం. గుంట తీసిన చోటు నడుము లోతు నీళ్ల కిందికి పోయింది. ఒక ముసలామె జల్లెడ దులిపి, "ఇంక ఇవ్వదమ్మా, తీసుకుంది," అని ఇంటిదారి పట్టింది.

మల్లేశ్ ఇసుకలో కూలబడ్డాడు. ముంజేతికి దారం ఇంకా ఉంది.

"నేను పట్టుకోని ఉంటి కాకా. నా చేతికే కట్టి ఉండె. నా కండ్ల ముంగటనే పోయె." ఆ దారం విప్పుతూ, "సరిత మూడు దినాలుండె అండ్ల," అన్నాడు.

పోలయ్య గుమ్మంలోంచి అంతా చూశాడు. నాంచారమ్మ తడిచీరతో వెళ్లి అతని పక్కన కూర్చుంది. అతను ఆమె మెడలో మిగిలిన ఒక్క పుస్తెను చూసి మొహం తిప్పుకున్నాడు.

స్టేషన్, ఆ తరవాత

మధ్యాహ్నం మల్లేశ్ ఏమీ తినకుండా పోలీసు స్టేషన్‌కు వెళ్లాడు. నేనూ వెళ్లాను, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా. బల్ల వెనక కూర్చున్నాయన, "ఏం, దొరికిందా?" అన్నాడు.

"దొరకలె సార్. మేమే ఇంకొకటి పోగొట్టినం," అని మల్లేశ్ జరిగింది చెప్పాడు. పోలయ్య మీద తనకు అనుమానం లేదని, తొందరపడి పేరు రాశానని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. "ఇంతేగా. ముందే ఆలోచించి రాయొచ్చుగా," అన్నాడు. పోలయ్యను రెండు రోజులు కూర్చోబెట్టినదాని గురించి ఆయనా అనలేదు, అడిగే ధైర్యం మాకూ లేకపోయింది.

ఆ కాగితం నకలు తీసుకెళ్లి పాలెం పెద్దకు ఇచ్చాం. ఆయన నలుగురిని పిలిచి చదివించి, దురాయి ఎత్తేశామని చెప్పాడు. రేపటినుంచి పోలయ్య పడవెక్కొచ్చు. అంత సులువుగా అయిపోయింది. మూడు నెలలు పట్టిన బాధకు, పావుగంట.

మల్లేశ్ నాంచారమ్మ ముందు నిలబడ్డాడు. "అక్కా, నీ పుస్తె చేయించి తెస్త. పుట్టింటిది అన్నవు గద, నన్ను తమ్ముడనుకో."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, అలసట ఉంది.

"తేవద్దయ్యా. రేపు నా మెళ్లో కొత్త బంగారం మెరిస్తే ఊరంతా ఏమంటది? ఆ పిల్లది కరిగించి చేయించుకుందంటారు. కాగితం రాసినంత తేలిక కాదు నోళ్లు మూయించడం." తాడు ముందుకు లాగి చూపించింది. పోయిన పుస్తె చోట పసుపు కొమ్ము కట్టుకుంది. "ఇట్టా ఉండనీ."

మల్లేశ్ పోలయ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. పోలయ్య మాతో మాట్లాడింది అదే మొదటిసారి, అదే ఆఖరు.

"మీ ఆవిడ వల్లో తగల్లేదయ్యా నాకు. తేల్తా కనబడింది. వదిలేసి పోవచ్చు. ఇంటోళ్లు ఎదురుచూస్తా ఉంటారని ఈదుకుంటా పోయి తెచ్చాను." భుజం నిమురుకున్నాడు. "ఇంక తేను. రేపు ఎవరు తేల్తా కనబడినా మొహం పక్కకి తిప్పుకుంటాను. మీరే నేర్పారు."

మూడో రోజు

ఆ రోజు మాఘ పౌర్ణమి. తిరుగు రైలు సాయంత్రానికి. యంత్రాన్ని లాడ్జిలో వదిలి, చివరిసారి సరిత పోయిన చోటికి వెళ్తానన్నాడు మల్లేశ్. అది పాలేనికి ఇవతల, జనం స్నానాలు చేసే వైపు. తెల్లవారుజాము నుంచే బస్సులు దిగుతున్నాయి. నంబరు ప్లేట్లు చూస్తే సగం మావైపువే. మరమరాలు, సముద్రపు గవ్వల దండలు, వేడి మిరపకాయ బజ్జీలు. బజ్జీ పది రూపాయలు, మన చార్మినార్ దగ్గర దొరికేదానికంటే చిన్నది. ఎవరి గొడవలో వాళ్లు, నవ్వులు, కేకలు, ఫోన్లు.

పోలయ్య ఆ దారినే పడవవైపు నడిచిపోయాడు. నీళ్లలో నడుము దాకా దిగిన ఒక గుంపును చూశాడు. ఇదివరకైతే ఈల వేసి వెనక్కి పిలిచేవాడని నాంచారమ్మ ముందురోజు చెప్పింది. అతను ఈల వేయలేదు. ఆగలేదు కూడా.

మల్లేశ్ అది చూశాడు. ప్యాంటు మడవకుండానే నీళ్లలోకి దిగాడు. మూడు నెలల తరవాత మొదటిసారి. మోకాలి లోతులో నిలబడి రెండు చేతులూ పైకెత్తి అరవడం మొదలుపెట్టాడు.

"ఎనకకు రండి! అన్నా, గంత లోపలికి పోకుండ్రి! అమ్మా, పిల్లను పట్టుకో, ఎనకకు రా!"

కొందరు నవ్వారు. ఒకాయన, "ఏంది భాయ్, నీ సముద్రమా ఇది?" అన్నాడు. ఆయనా హైదరాబాదే. పక్కన ఆయన భార్య, ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్ల. కొంచెం లోపలికే జరిగారు.

మల్లేశ్ వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. అల అతని నడుము దాకా వచ్చి పోయింది. అతను తూలాడు, పడలేదు.

"నా పెండ్లాం ఈడనే పోయింది," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. "కార్తీకంల. నేను గాడ నిలబడి వీడియో తీస్తుంటి."

ఆ మనిషి భార్య పిల్లను చంకలోకి ఎత్తుకుంది. ఇంకో చేత్తో మెడలోని పుస్తెలను తడుముకుని పిడికిట్లో బిగించి పట్టుకుంది. మల్లేశ్ మొహం మీంచి చూపు తిప్పకుండా, కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే ఆగి, నిలదొక్కుకుని, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ ఒడ్డుకు వచ్చింది.